“నన్నిక వదిలెయ్యండ్రా” అన్న మాట వినబడితే

ఈ పేజీ మీరు ఎక్కడ కూర్చుని చదువుతున్నారో ఊహించగలను. పుదుచ్చేరి గోరిమేడులో, జిప్‌మర్ ఆవరణలో ఏ చెట్టు కిందో, వార్డు బయట బల్ల మీదో. పక్కన సంచీలో రిపోర్టులు, స్కాన్ ఫిల్ములు, ఫ్లాస్కు. యానాం నుంచి వచ్చి ఉంటారు. లేదంటే నెల్లూరు నుంచో, చిత్తూరు నుంచో. లేదా ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగి, వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు మాట్లాడుకునే కుటుంబం అయ్యుంటుంది మీది. లోపల మంచం మీద నాన్న. రాత్రి దుప్పటి సర్దుతుంటే మీ చెయ్యి పట్టుకుని అన్నారు: “ఒరే పెద్దాడా, ఇంక చాలురా. నన్నిక వదిలెయ్యండ్రా.”

మీరేమన్నారు?

మనలో చాలామంది అనే మాటే మీరూ అని ఉంటారు. “అలాంటి మాటలు మాట్లాడకు నాన్నా, నీకేం కాదు.” ఆయన మొహం అటు తిప్పుకున్నారు. మీరు బయటికొచ్చి కళ్ళు తుడుచుకున్నారు. అప్పటినుంచి మీ ఇద్దరి మధ్యా ఆ మాట అలాగే ఉండిపోయింది.

ఈ అధ్యాయం ఆ మాట గురించే. కారుణ్య మరణాన్ని చట్టబద్ధం చేయాలా వద్దా అని టీవీల్లో, కోర్టుల్లో ఏళ్ళ తరబడి వాదన నడుస్తోంది. దాని గురించి నా అభిప్రాయమూ చెబుతాను. కానీ మీకు రేపు ఉదయం డాక్టరుగారు రౌండ్స్‌కి వచ్చేలోపు కావలసింది వాదన కాదు. ఏం అడగాలి, ఏం రాయాలి, ఏం చెయ్యకూడదు అన్నది కావాలి. వరసగా చూద్దాం.

1. ఆ మాటను తోసెయ్యకండి, దాని వెనకున్నది అడగండి

“నన్ను వదిలెయ్యండి” అన్న ఒక్క మాటకి నాలుగు అర్థాలైనా ఉంటాయి. నొప్పి భరించలేకపోతున్నాను అని ఒకటి. నా మూలాన మీరు అప్పులపాలవుతున్నారు అని ఒకటి. ఐసీయూ గాజు తలుపుల వెనక, ఎవరి మొహమూ కనబడని చోట, ఒంటరిగా పోతానేమో అన్న భయం ఒకటి. నాలుగోది, నేను బతకాల్సినంత బతికాను, నిజంగానే చాలు అన్నది. మొదటి మూడింటికీ చెయ్యగలిగింది చాలా ఉంది. నాలుగోదానికి చెయ్యాల్సిందల్లా ఆ మాటను గౌరవించడం. ఏ అర్థంతో అన్నారో మీకెలా తెలుస్తుంది? అడిగితేనే.

ఎలా అడగాలో కూడా చెబుతాను, ఎందుకంటే మాట దొరక్కే మనం ఆగిపోతాం. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చోండి. ఫోను జేబులో పెట్టెయ్యండి. “రాత్రి ఒక మాటన్నావు నాన్నా. నేను సరిగా వినలేదు. మళ్ళీ చెప్పు” అనండి. ఆ తర్వాత మీరు మాట్లాడకండి. ఆయన మొదలుపెట్టడానికి రెండు నిమిషాలు పట్టొచ్చు. ఆ రెండు నిమిషాలూ ఓపిక పట్టండి. తర్వాత మెల్లగా: “అన్నిటికంటే ఏది ఎక్కువ బాధగా ఉంది?” “దేనికి భయమేస్తోంది?” “నీకు ఎక్కడ ఉండాలని ఉంది?” ఈ మూడు ప్రశ్నలు చాలు. మన పెద్దవాళ్ళు చావు గురించి మాట్లాడ్డానికి మనమనుకున్నంత భయపడరు. కాళ్ళూ చేతులూ ఆడుతుండగానే పోవాలి, మంచాన పడకుండా పోవాలి అని పూజ గదిలో దీపం పెడుతూ పైకే అనుకునేవాళ్ళు వాళ్ళు. ఆ మాట తప్పించుకు తిరిగేది ఎక్కువగా మనమే.

ఇక్కడొక హెచ్చరిక. చావాలని ఉంది అంటున్న మనిషికి నయం కాని జబ్బేమీ లేకపోతే, లేదా జబ్బున్నా దానికంటే దిగులు ఎక్కువగా కనబడుతుంటే, ఈ అధ్యాయం వాళ్ళ కోసం కాదు. అది వైద్యంతో తగ్గే మానసిక బాధ. టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చెయ్యండి, ఖర్చు ఉండదు. క్యాన్సరు రోగికైనా డిప్రెషన్ వస్తుంది, దానికీ మందులుంటాయి. పెద్ద నిర్ణయాలకు ముందు ఈ సంగతి డాక్టరుతో తేల్చుకోండి.

2. అన్నిటికంటే ముందు నొప్పి తగ్గించమనండి

ఒక ఇల్లు ఊహించండి. అమ్మకి గర్భసంచి క్యాన్సరు, ఎముకలకి పాకింది. రాత్రిళ్ళు నిద్ర లేదు. “నాకేదైనా సూదిమందు ఇచ్చి పంపెయ్యండమ్మా” అని నర్సును బతిమాలుతోంది. మార్ఫిన్ మాత్రలు మొదలుపెట్టాక ఒక సాయంత్రం ఆమె లేచి కూర్చుని, మనవరాలికి జడ అల్లింది. సూది మాట మళ్ళీ ఎత్తలేదు. ఇది నేను కల్పించిన సన్నివేశమే. కానీ క్యాన్సరు వార్డుల్లో పనిచేసే ఏ నర్సును అడిగినా ఇలాంటిదొకటి చెబుతుంది.

మార్ఫిన్ పేరు వినగానే మనవాళ్ళు రెండు మాటలంటారు. “అది మత్తుమందు, అలవాటైపోతుంది” అన్నది మొదటిది. క్యాన్సరు నొప్పికి డాక్టరు చెప్పిన మోతాదులో వాడేటప్పుడు ఈ భయంతో మందు ఆపుకోవడం రోగిని అనవసరంగా హింసించడమే. “మార్ఫిన్ దాకా వచ్చిందంటే ఇక అయిపోయినట్టే” అన్నది రెండోది. అదీ నిజం కాదు. మార్ఫిన్ నొప్పికి ఇచ్చేది. నొప్పి తగ్గితే తిండి, నిద్ర, మాట మళ్ళీ కొంతైనా దారిలో పడతాయి. మామూలు మార్ఫిన్ మాత్ర పనిచేసేది సుమారు నాలుగు గంటలు. కాబట్టి నొప్పి వచ్చాక చూద్దాంలే అనుకోకుండా గడియారం చూసి వేయాలి. దానితో మలబద్ధకం దాదాపు తప్పదు, అందుకే విరేచనం మందు కూడా రాయించుకోవాలి. ఈ చిన్న సంగతి తెలియక ఎందరో “మందు పడలేదు” అని మానేస్తారు.

పార్లమెంటు 2014లో మత్తుమందుల చట్టాన్ని సవరించింది. అంతకుముందు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రకం లైసెన్సుల గొడవ ఉండి మార్ఫిన్ తెప్పించుకోవడమే ఆసుపత్రులకు తలకు మించిన పని అయ్యేది. ఆ సవరణతో గుర్తింపు పొందిన వైద్య సంస్థలకు దారి సులువైంది. తిరువనంతపురంలో పాలియం ఇండియా స్థాపించిన డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ వంటివాళ్ళు దీనికోసం ఏళ్ళ తరబడి తిరిగారు. మన హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలో డాక్టర్ గాయత్రి పాలత్ ఆధ్వర్యంలో నడిచిన ఉపశమన చికిత్స (పాలియేటివ్ కేర్) విభాగం ఎన్నో తెలుగు కుటుంబాలకు ఆసరా అయింది. కాబట్టి మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: “డాక్టరుగారూ, పాలియేటివ్ కేర్ వాళ్ళు ఒకసారి చూడగలరా?” ఇది చివరి రోజున అడిగే ప్రశ్న కాదు. జబ్బు పేరు తెలిసిన వారంలోనే అడగొచ్చు.

3. ఏది చట్టం ఒప్పుకుంటుంది, ఏది ఒప్పుకోదు: ఇది గందరగోళం లేకుండా తెలుసుకోండి

హైదరాబాదులో వెంకటేశ్ అనే పాతికేళ్ళ కుర్రవాడుండేవాడు. చదరంగం ఆటగాడు. కండరాలు క్రమంగా చచ్చుబడిపోయే మస్క్యులర్ డిస్ట్రోఫీ. వెంటిలేటర్ మీద ఉండి అతను కోరింది ఒక్కటే: నా అవయవాలు పాడైపోకముందే తీసి అవసరమైనవాళ్ళకి ఇవ్వండి, నన్ను వెళ్ళనివ్వండి అని. కొడుకు కోరిక పట్టుకుని తల్లి సుజాత హైకోర్టు మెట్లెక్కింది. ఏ తల్లి చేయగలిగే పని అది? చట్టం ఒప్పుకోదని కోర్టు కాదంది. 2004 డిసెంబరులో వెంకటేశ్ చనిపోయాడు. కళ్ళు మాత్రం దానం చేయగలిగారు. ఈ కథ మీదనే 2022లో ‘సలాం వెంకీ’ అనే హిందీ సినిమా వచ్చింది.

తర్వాతి సంవత్సరమే, 2005లో, కామన్ కాజ్ అనే స్వచ్ఛంద సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఆ కేసు తేలడానికి పదమూడేళ్ళు పట్టింది. ఈలోగా ముంబయి కె.ఇ.ఎం. ఆసుపత్రి నర్సు అరుణా శాన్‌బాగ్ కేసు వచ్చింది. 1973లో దాడికి గురై జీవచ్ఛవంలా మిగిలిన ఆమెకు కారుణ్య మరణం ఇవ్వాలని రచయిత్రి పింకీ విరానీ వేసిన పిటిషన్‌ను 2011 మార్చిలో కోర్టు కొట్టేసింది. కానీ హైకోర్టు అనుమతితో ప్రాణాధార చికిత్సను ఆపవచ్చు అన్న సూత్రాన్ని మొదటిసారి ఒప్పుకుంది. అరుణను పోనివ్వం అన్నది ఎవరో తెలుసా? దశాబ్దాలుగా ఆమెకు తినిపించి, ఒళ్ళు తుడిచిన ఆ ఆసుపత్రి నర్సులే. ఆమె 2015 మే 18న న్యుమోనియాతో పోయింది. ఆ నర్సుల మాట, వెంకటేశ్ తల్లి మాట, రెండూ ప్రేమలోంచి వచ్చినవే. కారుణ్య మరణం వాదనలో ఒక పక్షం దయలేనివాళ్ళనీ, ఇంకో పక్షం మూర్ఖులనీ ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

2018 మార్చి 9న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది: గౌరవంగా చనిపోవడం కూడా రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమే. నయం కాని స్థితిలో కృత్రిమంగా ప్రాణం నిలిపే చికిత్స వద్దని మనిషి ముందే రాసిపెట్టుకోవచ్చు. ఆ కాగితాన్నే లివింగ్ విల్ అంటున్నాం. అప్పట్లో పెట్టిన పద్ధతి మరీ చిక్కుముడిగా ఉందని 2023 జనవరి 24న మరో అయిదుగురు న్యాయమూర్తులు దాన్ని సడలించారు. ఇప్పుడు నడుస్తున్నది ఆ సడలించిన పద్ధతే. ఇంతకీ పార్లమెంటు చేసిన చట్టం ఇప్పటికీ లేదు. లా కమిషన్ రెండుసార్లు, 2006లో జస్టిస్ ఎం. జగన్నాథరావు అధ్యక్షతన, 2012లో జస్టిస్ పి.వి. రెడ్డి అధ్యక్షతన, ఈ విషయం మీద నివేదికలిచ్చింది. ఇద్దరూ తెలుగువారే. కేంద్రం 2016లో ఒక ముసాయిదా బిల్లు కూడా బయటపెట్టింది. అది చట్టం కాలేదు.

మీకు కావలసిన మేరకు దీన్ని మూడు మాటల్లో చెప్పుకుందాం. సూదితోనో మందుతోనో ప్రాణం తీయడం మన దేశంలో నేరం. డాక్టరు చేసినా నేరమే, కొడుకు చేసినా నేరమే, రోగి కాళ్ళావేళ్ళా పడి అడిగినా నేరమే. బతికే ఆశ లేని రోగికి వెంటిలేటర్ లాంటివి పెట్టకుండా ఉండటం, పెట్టినవి పద్ధతి ప్రకారం తీసెయ్యడం నేరం కాదు. నొప్పికి మందులివ్వడం ఎప్పుడూ, ఏ దశలోనూ నేరం కాదు.

నెదర్లాండ్స్, బెల్జియం 2002 నుంచీ, కెనడా 2016 నుంచీ డాక్టరు సాయంతో చనిపోవడాన్ని ఒప్పుకున్నాయి. మరి మన దగ్గర కూడా అలాంటి చట్టం రావాలా? నా మాట సూటిగా చెబుతాను. తాలూకా ఆసుపత్రిలో మార్ఫిన్ మాత్ర దొరకని దేశంలో, ఆసుపత్రి బిల్లు కట్టడానికి అరెకరం అమ్ముకునే దేశంలో, “చావాలని ఉంది” అన్న మాట ఆ మనిషి మనసులోంచి వచ్చిందో, పేదరికంలోంచి వచ్చిందో ఎవరు తేల్చగలరు? ముందు ప్రతి ఊరికీ ఉపశమన చికిత్స చేరాలి. అది చేరాక ఆ చర్చ నిజాయితీగా చేసుకోవచ్చు. వెంకటేశ్ లాంటివాళ్ళ కోరికకు ఈ జవాబు సరిపోదని నాకు తెలుసు. అయినా ఈరోజుకు నా తీర్పు ఇదే.

4. మధ్యలో తర్జుమా చేసేవాళ్ళను మార్చండి

ఇది పుదుచ్చేరిలో వైద్యం చేయించుకునే తెలుగువాళ్ళకు ప్రత్యేకమైన చిక్కు. డాక్టరు తమిళంలోనో ఇంగ్లిషులోనో చెబుతారు. పాతికేళ్ళ మనవడు తాతకి తెలుగులో చెబుతాడు. డాక్టరు పది వాక్యాలు చెబితే, తాతకి చేరేది ఒకటే: “ఏం లేదు తాతా, కొంచెం ఇన్‌ఫెక్షనంట.” ఆ కుర్రవాడి తప్పు లేదు. అంత బరువు వాడి మీద పెట్టినవాళ్ళం మనం.

తెలుగు వచ్చిన నర్సో, రెసిడెంట్ డాక్టరో, సోషల్ వర్కరో ఎవరైనా ఉన్నారా అని అడగండి. ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చి చదువుకునే డాక్టర్లు జిప్‌మర్‌లో ఉంటారు. “మా నాన్నకి ఆయన భాషలో మీరే చెప్పండి, మేం పక్కన ఉంటాం” అనండి. నిజం చెబితే మనిషి కుంగిపోతాడని మీ భయం. కానీ ఇంట్లో అందరూ వరండాలో గుసగుసలాడుకుని, లోపలికి రాగానే నవ్వు పులుముకుంటుంటే ఆయనకు తెలియదనుకుంటున్నారా? తెలుస్తుంది. తెలిసినా మీతో పంచుకోలేకపోతారు, అంతే. “మీకు ఎంతవరకు చెప్పమంటారు, అంతా చెప్పమంటారా?” అని ఆయన్నే అడగమనండి. వద్దంటే ఆగిపోవచ్చు. ఆ నిర్ణయం ఆయనది.

5. కాగితం రాయండి

ఇంట్లో లివింగ్ విల్ మాట ఎత్తగానే ఏం జరుగుతుందో చెప్పనా? “విల్లు” అన్న ముక్క చెవిన పడగానే చిన్నకోడలు, “అప్పుడే ఆస్తి పంపకాలా?” అంటుంది. కాబట్టి మొదటే చెప్పెయ్యండి: దీనికీ ఆస్తికీ ఏ సంబంధమూ లేదు, ఇది వైద్యం గురించిన కాగితం. ఆస్తి వీలునామా రాసే రోజునే దీన్ని రాయకండి. రెండింటినీ ఒకే కవరులో పెట్టకండి. ఆస్తిలో వాటా ఉన్నవాళ్ళని దీనికి సాక్షులుగా పెట్టకండి.

రాసే మనిషి పద్దెనిమిదేళ్ళు నిండి, తెలివిలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా రాయాలి. జబ్బు ఉండనక్కర్లేదు. మీరూ రాసుకోవచ్చు, నేనూ రాసుకోవచ్చు. ఏ స్థితిలో ఏ చికిత్స వద్దో స్పష్టంగా ఉండాలి. తను మాట్లాడలేని రోజున తన తరఫున మాట్లాడేవాళ్ళ పేరు రాయాలి. 2023 తర్వాత ఒకరికంటే ఎక్కువమంది పేర్లూ రాయొచ్చు. ఇద్దరు సాక్షులు, వీలైతే బయటివాళ్ళు. వాళ్ళ ఎదుట సంతకం పెట్టి, నోటరీ చేతనో గెజిటెడ్ ఆఫీసరు చేతనో ధ్రువీకరింపజేయాలి. ఇంతకుముందు దీనికి మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళాల్సి వచ్చేది, ఆ బాధ ఇప్పుడు లేదు. ఒక ప్రతి పేరు రాసినవాళ్ళకి, ఒకటి మీ ఇంటి డాక్టరుకి, ఒకటి మునిసిపాలిటీలోనో పంచాయతీలోనో ఇందుకు నియమించిన అధికారికి ఇవ్వాలి. డిజిటల్ ఆరోగ్య రికార్డుల్లో కూడా చేర్చుకోవచ్చు. మనసు మారితే ఎప్పుడైనా రాతపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు.

మాటలు ఎలా ఉండాలి అని అడుగుతారు. ఇలా ఉండొచ్చు: “నాకు నయం కాని జబ్బు వచ్చి, కోలుకునే ఆశ లేదని డాక్టర్లు తేల్చినప్పుడు, నేను నా నిర్ణయం చెప్పలేని స్థితిలో ఉంటే, నాకు వెంటిలేటర్ పెట్టవద్దు. గుండె ఆగితే ఛాతీ నొక్కి మళ్ళీ ఆడించే ప్రయత్నం చేయవద్దు. డయాలసిస్ వద్దు. నొప్పికి, ఆయాసానికి, ఆందోళనకి కావలసిన మందులన్నీ ఇవ్వాలి. వీలైతే నన్ను మా ఇంటికి తీసుకువెళ్ళాలి. నా తరఫున మా అమ్మాయి, మా తమ్ముడు మాట్లాడతారు.” ముక్కు గొట్టం ద్వారా తిండి పెట్టడం గురించి కూడా కావాలనో వద్దనో రాయండి. తర్వాత ఎక్కువ గొడవ పడేది అక్కడే. తెలుగులో రాసుకోండి, దానికి ఇంగ్లిషు ప్రతి జోడించండి. గోరిమేడులో అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరు చదవగలగాలి కదా.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు ఏమిటంటే, కాగితం రాసి బీరువాలో పెట్టి తాళం వేయడం. ఐసీయూ తలుపు దగ్గర బీరువా తాళం ఎవరికి గుర్తొస్తుంది? ఫొటో తీసి ఇంట్లో నలుగురి ఫోన్లలో ఉంచండి.

6. దూరాన ఉన్న తోబుట్టువుతో ముందే మాట్లాడండి

ఏడాదిగా మంచం దగ్గర కూర్చున్నది చెల్లెలు. ఆమెకు తెలుసు, నాన్న ఎంత నలిగిపోయాడో. డల్లాస్ నుంచో దుబాయ్ నుంచో విమానం దిగిన అన్నయ్య నేరుగా ఐసీయూకి వచ్చి, “అన్నీ చెయ్యండి, డబ్బుకి చూడొద్దు” అంటాడు. అతను చెడ్డవాడు కాదు. ఇన్నాళ్ళూ దగ్గర లేనన్న బాధ అతని చేత అలా అనిపిస్తుంది. చెల్లెలు, “నీకేం తెలుసు, మొన్నటిదాకా ఎక్కడున్నావు?” అంటుంది. తర్వాత కర్మకాండల్లో ఒకరి మొహం ఒకరు చూసుకోరు.

పుదుచ్చేరి వాళ్ళకి ఫ్రాన్సు కబుర్లు కొత్త కాదు, ఇక్కడ ఎన్నో ఇళ్ళల్లో ఫ్రెంచి పౌరసత్వం ఉంది. వాన్సాన్ లాంబేర్ కేసు చాలామంది విని ఉంటారు. 2008లో రోడ్డు ప్రమాదంలో స్పృహ కోల్పోయిన నర్సు అతను. చికిత్స ఆపేద్దాం అని భార్య, వీల్లేదని తల్లిదండ్రులు. ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. 2019 జులై 11న అతను చనిపోయేదాకా ఆ కుటుంబం రెండుగా చీలిపోయే ఉంది. అతను తన ఇష్టం ఎక్కడా రాసిపెట్టలేదు. ఒక్క కాగితం ఉండి ఉంటే! ఫ్రాన్సులో ఆ తర్వాత చర్చ ఇంకో మెట్టు ఎక్కింది. డాక్టరు సాయంతో చనిపోయే హక్కు బిల్లుకు 2025 మేలో అక్కడి నేషనల్ అసెంబ్లీ మొదటి విడత ఆమోదం తెలిపింది. అయితే గుర్తుంచుకోండి, మీ చేతిలో ఏ దేశం పాస్‌పోర్టు ఉన్నా పుదుచ్చేరి ఆసుపత్రిలో నడిచేది భారతదేశపు పద్ధతే.

మీరు చేయాల్సింది ఒక వీడియో కాల్. నాన్న మాట్లాడగలిగి ఉండగానే, ఆయన్నే ఫోను ముందు కూర్చోబెట్టి, ఆయన నోటితోనే చెప్పించండి. అన్నయ్య ఏడుస్తాడు. ఏడవనివ్వండి. ఆ ఏడుపు ఇప్పుడే అయిపోతే ఐసీయూ ముందు అరుపులుండవు.

7. ఆసుపత్రిలో ఏం జరుగుతుంది, ఏం జరగకూడదు

లివింగ్ విల్ ఉన్న రోగి బతికే ఆశ లేని స్థితికి వచ్చారనుకోండి. చికిత్స చేస్తున్న డాక్టరు, కనీసం అయిదేళ్ళ అనుభవమున్న మరో ఇద్దరు నిపుణులు కలిసి మొదటి బోర్డుగా కూర్చుంటారు. 48 గంటల్లో అభిప్రాయం చెప్పడం మేలని కోర్టు చెప్పింది. వాళ్ళు ఒప్పుకుంటే ఆసుపత్రి రెండో బోర్డు వేస్తుంది. అందులో చీఫ్ మెడికల్ ఆఫీసరు సూచించిన డాక్టరు ఒకరు, వేరే నిపుణులు ఇద్దరు. వాళ్ళకూ 48 గంటలే. మీరు పేరు రాయించిన మనుషుల సమ్మతి తీసుకుంటారు. అమలుకు ముందు మేజిస్ట్రేటుకు తెలియజేస్తారు. లివింగ్ విల్ లేకపోతే? అప్పుడూ దారి ఉంది, దగ్గరి బంధువుల సమ్మతితో ఇదే పద్ధతి నడుస్తుంది. కాకపోతే అందరూ ఒక్క మాట మీద ఉండాలి. బోర్డు కాదంటే హైకోర్టుకు వెళ్ళొచ్చు. పుదుచ్చేరికైనా, గోదావరి ఒడ్డున ఉన్న యానాంకైనా అది మద్రాసు హైకోర్టే. అదే మీ మనిషి కాకినాడ ఆసుపత్రిలో ఉంటే ఆంధ్రప్రదేశ్ హైకోర్టు.

“ఈ పద్ధతి మా ఆసుపత్రిలో ఎవరూ చెయ్యలేదండీ” అనే జవాబు మీకు రావొచ్చు. కోపం తెచ్చుకోకండి. చాలా చోట్ల డాక్టర్లకే భయం ఉంటుంది, కేసు తమ మెడకు చుట్టుకుంటుందేమోనని. 2023 జనవరి 24 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వు ప్రతిని చేతిలో పెట్టుకుని వెళ్ళండి. కర్ణాటక ఆరోగ్య శాఖ 2025 జనవరి 30న దీన్ని అమలు చేయమని సర్క్యులర్ ఇచ్చిందని చెప్పండి. గొంతు పెంచకుండా, వదలకుండా అడగండి.

అసలు జరగకూడనిది ఇంకోటుంది, నన్ను ఎక్కువగా బాధపెట్టేది అదే. బోర్డులూ కాగితాలూ ఎందుకని, “మా ఇష్టప్రకారం తీసుకెళ్తున్నాం” అని సంతకం పెట్టి రోగిని తెచ్చేసుకోవడం. ప్రాణం ఇంట్లోనే పోవాలన్న నమ్మకం మనది. నోట్లో గొట్టం అలాగే ఉంచి, అంబులెన్సులో ఒక కుర్రవాడు రబ్బరు సంచీ నొక్కుతూ ఉండగా, పుదుచ్చేరి నుంచి యానాం దాకా ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం. చెన్నై దాటాలి, నెల్లూరు దాటాలి, కృష్ణ దాటాలి. చేతిలో నొప్పి మందు లేదు, రాసిచ్చిన కాగితం లేదు, ఆయాసం వస్తే ఫోను చేయడానికి నంబరు లేదు. దీన్ని ఎవరూ కారుణ్యం అనకూడదు.

ఇంటికి తీసుకెళ్ళాలనే కోరిక తప్పు కాదు, సక్రమంగా తీసుకెళ్ళండి. మనిషి ప్రయాణం తట్టుకునే స్థితిలో ఉండగానే అడగండి. డాక్టరును ఇవి అడిగి రాయించుకోండి:

— నొప్పికి, ఆయాసానికి ఏ మందు, ఎన్ని గంటలకోసారి? ఎన్ని రోజులకు ఇస్తారు?

— నోటితో మింగలేకపోతే ఆ మందు ఇంకెలా ఇవ్వాలి?

— ఇంటి దగ్గర ఎవరు చూస్తారు? యానాంలో 2024లో మొదలైన జిప్‌మర్ కేంద్రానికి ఉత్తరం రాసిస్తారా?

— రాత్రి రెండింటికి ఇబ్బంది వస్తే ఎవరికి ఫోను చెయ్యాలి?

— ఇంట్లో పోతే ధ్రువపత్రం ఎవరిస్తారు?

చివరిది అడగడానికి నోరు రాదు. అయినా అడగండి. ఆ రోజున దానికోసం పరిగెత్తడం కంటే ఇప్పుడు అడగడమే మేలు.

8. నిర్ణయం అయ్యాక మంచం దగ్గర

చికిత్స ఆపితే సేవ ఆపినట్టు కాదు. తిండి మానేశారని “ఆకలితో చంపుతున్నామా” అని కుమిలిపోకండి. చివరి రోజుల్లో ఒంటికి ఆకలి దానంతటదే తగ్గిపోతుంది. బలవంతంగా పెడితే పొలమారుతుంది. తడి గుడ్డతో పెదాలు తుడవండి. పక్క మార్చండి. చెయ్యి పట్టుకుని కూర్చోండి. మగతలో ఉన్నా వినబడుతుందేమోననే మాట్లాడండి. మనవల కబుర్లు చెప్పండి. తులసి తీర్థం పొయ్యాలనుకుంటే, గొంతులో పడకుండా పెదాల మీద చుక్క వెయ్యండి.

ఇప్పుడు మళ్ళీ మీ దగ్గరికే వస్తాను. మీ ఇంట్లో ఎవరికీ జబ్బు లేకపోతే ఇంకా మంచిది, అందరూ తేలిగ్గా మాట్లాడుకోగలరు. ఈ ఆదివారం భోజనాలయ్యాక, పిల్లలు లేచి వెళ్ళాక, అమ్మనీ నాన్ననీ కూర్చోబెట్టి అడగండి. మీ ఇష్టం కూడా వాళ్ళకు చెప్పండి. సోమవారం నోటరీ దగ్గరికి వెళ్ళండి. జిప్‌మర్ వరండాలో కూర్చుని చదువుతున్నవారైతే ఆదివారం దాకా ఆగకండి. పుస్తకం మూసి, లోపలికి వెళ్ళి, స్టూలు లాక్కుని కూర్చోండి.